ఎక్కడ వెతకలేదు?

ఆగండాగండి! అప్పుడే పేజీ తిప్పకండి. ఆ ఫోను బోర్లా పెట్టేసి, కాస్త ఇటు జరిగి కూర్చుని వినండి. ఎందుకంటే చివర్లో మిమ్మల్ని ఒకటి అడుగుతాను, మధ్యలో లేచి వెళ్లినవాళ్లు దానికి జవాబు చెప్పలేరు. నేను మామూలుగానే గబగబా మాట్లాడతాను. "ఊపిరి తీసుకుని చెప్పవే, నిన్నెవరూ వెనకాల తరమట్లేదు" అంటుంది మా అమ్మ. ఈ సంగతి తలుచుకుంటే మాత్రం ఊపిరి సంగతే గుర్తుండదు నాకు. ఏమనుకోకండి.

ముందు నా ఉద్యోగం ఏమిటో చెప్పాలి. ఇది ఓ పట్టాన ఎవరికీ అర్థం కాదు. మా పిన్నికి చెప్పబోతే ఇలా అయింది.

"ఎవరో ఒకాయన కొత్త వస్తువేదో కనిపెడతాడు పిన్నీ. అది నిజంగా కొత్తదేనా, ఇంకెవరైనా ముందే కనిపెట్టేశారా అని మేం కనిపెడతాం."

"అంటే, కనిపెట్టినవాణ్ణి కనిపెట్టడం."

"ఊఁ, అదే."

"దానికి జీతం ఇస్తారూ?"

"ఇస్తారు పిన్నీ."

పిన్ని నన్ను కిందనుంచి పైదాకా చూసి, వంటింట్లోకి కేకేసింది. "అక్కా, దీన్నెవరో మోసం చేస్తున్నారే!"

మోసమేం కాదు. ఎక్కడో దూరదేశంలో ఒక లాయర్ల ఆఫీసు ఉంది. అక్కడి జనం తాము కనిపెట్టిన వస్తువుకి పేటెంటు కావాలని, అంటే ఆ వస్తువు మీద హక్కు రాయించుకోవాలని, వాళ్ల దగ్గరికి వస్తారు. అంతకుముందు ఎవరూ చేయనిదైతేనే హక్కు వస్తుంది. చేశారో లేదో తేలాలంటే ప్రపంచంలో ఉన్న పాత పేటెంట్లన్నీ, పాత పుస్తకాలన్నీ, అమ్మకానికి వచ్చిన వస్తువులన్నీ గాలించాలి. ఆ గాలించే పనిని లాయర్లు మాకు పంపుతారు. మా రిపోర్టు లాయరు పేరు మీదే బయటికి వెళుతుంది. మేం ఉన్నామని ఆ కనిపెట్టినాయనకి తెలియనే తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా లేదు లెండి.

మా ఆఫీసు అద్దాల మేడేం కాదు. కింద మందుల షాపు, పైన పళ్ల డాక్టరు, ఆ పైన మేము. కిటికీలోంచి చూస్తే డ్రైవింగ్ స్కూలు ఆవరణ కనిపిస్తుంది. రోజూ ఉదయం ఎవరో ఒక కొత్త మనిషి కారు వెనక్కి తిప్పుతూ ఒకే డ్రమ్ముని గుద్దుతూ ఉంటారు. ఆ డ్రమ్ము మోగితే మాకు పని మొదలైనట్టు.

అక్కడ మా పెద్దావిడని అందరం సున్నా అక్క అని పిలుస్తాం. ఎంత వెతికినా ఏమీ దొరకలేదంటే ఆ ఫలితాన్ని మేం సున్నా అంటాం. సున్నా పట్టుకుని ఎవరు వెళ్లినా ఆవిడ నమ్మదు, అందుకని ఆ పేరు. పొట్టిగా ఉంటుంది, కళ్లజోడు తలమీదికి తోసేసుకుని, అదే కళ్లజోడు కోసం టేబులంతా తడుముకుంటుంది. మాకందరికీ వెతకడం నేర్పిన మనిషి మరి! "అక్కా, తలమీద" అని ఎవరో ఒకరం అనాలి. అప్పుడు "నాకు తెలుసులే" అని దించుకుంటుంది. తెలియదు ఆవిడకి.

ఇంకొకాయన బావ. ఎవరికీ బావ కాడు. చేరిన మొదటి రోజే అందర్నీ వేళాకోళం చేశాడట, దాంతో ఆ వరస ఖాయమైపోయింది. ఆఖరికి మా మేనేజరు గారు కూడా మరిచిపోయి ఒకసారి "బావా, ఆ ఫైలు పంపు" అనేశారు.

నేను చేరిన కొత్తల్లో నాకొక తలుపు ఇచ్చారు. తలుపంటే, అది గాలికి దభాలున కొట్టుకోకుండా పట్టుకునే చిన్న రబ్బరు కొక్కెం. ఎవరో కనిపెట్టారు. నేను ఒళ్లు వంచి వెతికాను. తలుపులు, కిటికీలు, గడియలు, మడతబందులు, బీరువాలు, గేట్లు, ఒకటి కాదు. ఏమీ దొరకలేదు. గొప్పగా వెళ్లి చెప్పాను. "అక్కా, సున్నా!"

ఆవిడ తల ఎత్తలేదు. "ఎక్కడ వెతకలేదు?"

"అన్ని చోట్లా వెతికానక్కా."

"ఎక్కడెక్కడ వెతికావో కాదే అమ్మాయ్ నేనడిగింది. ఎక్కడ వెతకలేదు?"

నాకు ఒళ్లు మండింది. తలుపు కొక్కెం తలుపుల్లో కాకపోతే ఇంకెక్కడుంటుంది? బావ పక్కనుంచి "చెప్పుల్లో చూడు" అని నవ్వాడు. నేను వెళ్లి కూర్చుని, ఎర్రబడ్డ ముఖంతో, వెతకని చోట్లేమిటా అని ఆలోచించడం మొదలుపెట్టాను. అలా ఆలోచిస్తే భయం వేస్తుందని ఎవరూ చెప్పలేదు నాకు! వెతికిన చోటు గుప్పెడంత, వెతకనిదంతా ఆకాశమంత. అప్పుడు అక్క కుర్చీ లాక్కుని వచ్చి కూర్చుంది.

"ఇదుగో, వస్తువు పేరు పట్టుకుని వెతక్కు. పేరు ఊరికొకటి పెట్టుకుంటారు. దాని బాధేమిటో చూడు. దీని బాధేంటి?"

"గాలికి... కొట్టుకోవడం."

"ఆ బాధ ఇంకెవరికుంది?"

ఎవరికుంది? గాలికి కొట్టుకునేవి. జెండా కర్రలు. గుడారాలు. పడవలు! పడవ లోపలికి దిగే చోట ఒక మూత ఉంటుంది చూడండి, అది గాలికి కొట్టుకోదూ? పడవల్లో వెతికాను. దొరికింది. అచ్చం అదే రబ్బరు కొక్కెం, మా తాతలు పుట్టకముందుది. నేను కుర్చీలోంచి లేచి గట్టిగా అరిస్తే కింద పళ్ల డాక్టరు దగ్గర ఎవరో ఉలిక్కిపడ్డారట.

ఆ రోజు నుంచీ నాకు ఇదే పిచ్చి. ఇంట్లో అమ్మ చెవి కమ్మ పోతే, అమ్మ, పిన్ని ఇల్లంతా దులిపేస్తుంటే నేను మధ్యలో నిలబడి "ఎక్కడ వెతకలేదు?" అన్నాను. "నీ నోట్లో వెతకలేదు, మూసుకో" అంది అమ్మ. తర్వాత ఉతకాల్సిన దిండు గలీబులో దొరికిందనుకోండి. దొరికింది నా వల్లే అని అమ్మ ఇప్పటికీ ఒప్పుకోదు.

చెబుతున్నాను కదా, ఈ ఒక్క ప్రశ్న నాకు కాలేజీ మొత్తం ఇవ్వనిది ఇచ్చింది. మార్కులు తెచ్చుకోవడం అంటే తెలిసింది రాయడం. తెలియనిది ఎంతుందో చూసుకుని కూడా కాళ్లు వణక్కుండా నిలబడడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. దానికి నేను ఆవిడకి ఎంత రుణపడి ఉన్నానో... సరే, ముందుకు పోదాం.

ఒక రోజు డ్రమ్ము మోగకముందే మేనేజరు గారు మమ్మల్ని మీటింగ్ గదిలోకి పిలిచారు. సున్నా అక్క ఆ పూట సెలవులో ఉంది. ఆయన వాటర్ బాటిల్ మూత తిప్పుతూ, విప్పుతూ, మళ్లీ తిప్పుతూ చెప్పారు. లాయర్ల ఆఫీసు వాళ్లు ఈ వెతికే పనిని ఇంకో దేశానికి ఇవ్వాలనుకుంటున్నారట. అక్కడ కొత్త జట్టు తయారైందట. మేమే వాళ్లకి పని నేర్పాలట. చివర్లో ఒక పరీక్ష పెడతారు. అందులో కొత్త జట్టు నెగ్గితే పని అటు వెళ్లిపోతుంది, తప్పితే పని మా దగ్గరే ఉంటుంది.

"మీరెవరూ కంగారు పడక్కర్లేదు. పై అంతస్తులో ఒప్పందాలు చదివే విభాగం పెడుతున్నాం, మీ అందరికీ అక్కడ కుర్చీలున్నాయి," అన్నారు.

"అందరికీ అంటే అక్కకి కూడానా సార్?" బావ అడిగాడు.

మూత మళ్లీ తిరిగింది. "ఆవిడ అనుభవానికి తగ్గ కుర్చీ అక్కడ లేదు. ఆవిడతో నేనే మాట్లాడతాను."

ఇదీ సంగతి. కొత్త జట్టు నెగ్గితే సున్నా అక్క ఇంటికి. ఓడితే అక్క ఉంటుంది. ఇంత తేలిక లెక్క.

మధ్యాహ్నం మెట్ల మీద బావ మా అందర్నీ కూర్చోబెట్టాడు. మొదటిసారి ఆయన ముఖంలో వేళాకోళం లేదు.

"చూడండి, మనం అబద్ధం ఏమీ చెప్పొద్దు. సిస్టమ్ ఎలా వాడాలో నేర్పుదాం, రిపోర్టు ఎలా రాయాలో నేర్పుదాం. ఆ ఒక్క ప్రశ్న మాత్రం నేర్పొద్దు. అది లేకపోతే పరీక్షలో వాళ్లు సున్నా తెస్తారు, అక్కడున్న లాయరు పట్టేస్తాడు, పని మన దగ్గరే ఉంటుంది. అంతే."

"అది తప్పు కదా బావా?" అన్నాను.

"తప్పేంటి? మనం ఏం దాచాం? వాళ్లు అడగలేదు, మనం చెప్పలేదు. అక్క పోతే నువ్వు తట్టుకోగలవా?"

తట్టుకోలేను. అందుకే చెయ్యి చాపి ఒట్టేశాను. మనస్ఫూర్తిగానే వేశాను, అది ముఖ్యం, గుర్తుంచుకోండి.

మేనేజరు గారు మాట్లాడాక కూడా అక్క ఎప్పటిలాగే వచ్చింది, ఎప్పటిలాగే కళ్లజోడు వెతుక్కుంది. మా పన్నాగం గురించి ఆవిడకి చెప్పలేదు, చెబితే ఒప్పుకోదని మాకు తెలుసు. నేర్పేది ఎవరు అన్నప్పుడు మాత్రం ఆవిడ నా వైపు వేలు చూపించింది.

"నేనా! అక్కా, నాకేం వచ్చని?"

"అందుకే. నేను నేర్చుకుని చాలా ఏళ్లయింది, కష్టం ఎక్కడుందో మరిచిపోయాను. నీకింకా నొప్పి గుర్తుంది."

అలా నేను టీచరునయ్యాను. స్క్రీన్‌లో అవతలి వైపు నలుగురు కూర్చునేవారు, వాళ్లలో మాట్లాడేది ఒక్కతే, అదీ ఇంగ్లీషులో. ప్రతి ప్రశ్నకీ ముందు ఒక తుమ్ము. అది జలుబు కాదట, కంగారు వస్తే తుమ్ము వస్తుందట. మేం ఆ పిల్లకి తుమ్ములమ్మాయి అని పేరు పెట్టేశాం. వెనకాల గోడమీద గడియారం నడవదు, కింద ఏదో లారీ హారన్ మోగుతూనే ఉంటుంది, ఒళ్లో ఒక పిల్లి ఉంటుంది, ఆఫీసులోకి పిల్లి ఎలా వచ్చిందో నేనడగలేదు.

మొదట్లో మేడమ్ అనేది. "మేడమ్ అంటే నేను కాల్ కట్ చేసేస్తా" అన్నాను. తుమ్మి, మేం ఇక్కడ పిలుచుకునే తెలుగు మాట పట్టేసి, "సరే అక్కా" అంది. నన్ను అంతవరకూ ఎవరూ అక్కా అనలేదు. ఆ ఆఫీసులో అందరికంటే చిన్నదాన్ని నేనే.

నేర్పాను. పేటెంట్ల జాబితాలో ప్రతి వస్తువునీ ఏదో ఒక గదిలో సర్ది పెడతారు, తలుపులవి ఒక గది, చెప్పులవి ఒక గది, ఏ గదికి ఏ నంబరో ఎలా చూసుకోవాలి, ఒక్కో మాటకి ఎన్ని మారుపేర్లు ఆలోచించాలి, దొరికినదాన్ని లాయరుకి అర్థమయ్యేలా ఎలా రాయాలి, అన్నీ. తుమ్ములమ్మాయి గబగబా పట్టేసేది. "అక్కా, ఈ పని ఎంత బాగుందో! ఇంతకుముందు నేను కరెంటు బిల్లుల కాల్‌సెంటర్లో తిట్లు తినేదాన్ని," అంది ఒకసారి. అది విన్న రోజు నాకు అన్నం సరిగ్గా దిగలేదు. ఒట్టు గుర్తొచ్చింది.

"ఏంటే, డల్‌గా ఉన్నావ్?" అంది అమ్మ.

"ఏం లేదమ్మా. ఒకరికి మేలు చెయ్యాలంటే ఇంకొకరికి సగమే చెప్పాల్సి వస్తే?"

"సగం చెప్పడం నీ వల్ల అయ్యే పనేనా? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నీ కడుపులో మాట దాగిందా?" అని పిన్నితో కలిసి పకపకా నవ్వింది. నవ్వితే నవ్వారు గానీ, ఆ మాట వాళ్లు అన్న వేళావిశేషం ఏమిటో!

పరీక్ష వచ్చింది. లాయర్లు ఒక పాత కేసు ఇచ్చారు, మా అక్క ఎప్పుడో తేల్చేసినదే. పాలు పొంగిపోకుండా గిన్నె మీద పెట్టే మూత. మధ్యలో గరాటులా పైకి లేచి, చుట్టూ చిల్లులుంటాయి. నురగ పైకెక్కి, చల్లబడి, చిల్లుల్లోంచి మళ్లీ గిన్నెలోకే జారుతుంది. ఇలాంటిది ముందే ఉందా లేదా? ఉంది. వంటింట్లో కాదు. జిగురు కాచే ఫ్యాక్టరీల్లో, పెద్ద పెద్ద తొట్టెల మీద. ఇది మాకు తెలుసు, ఆ లాయరుకి తెలుసు. తుమ్ములమ్మాయికి తెలియదు. రిపోర్టు పంపేముందు నాకు ఒక్కసారి చూపించుకోవచ్చు, అది నియమమే.

సాయంత్రం టీ వేళ. బావ నా పక్కనే కెమెరాలో పడకుండా కుర్చీ వెనక్కి లాక్కుని కూర్చున్నాడు. తుమ్ములమ్మాయి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, జుట్టు చెదిరిపోయింది, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

తుమ్మింది. "అక్కా, అయిపోయింది. గిన్నెలు, మూతలు, పొయ్యిలు, గరిటెలు, ఒక్కటీ వదల్లేదు. సున్నా!"

నాకు అంతా తెలుసు. "బాగుంది, పంపించెయ్" అంటే చాలు. రెండే మాటలు. అక్క కుర్చీ నిలబడిపోతుంది. ఆ రెండు మాటలే అందామని టీ కప్పు కింద పెట్టి నోరు తెరిచాను. నిజంగా ఆ మాటలే అనబోయాను.

"ఎక్కడ వెతకలేదు?" అన్నాను.

నేననలేదు, నా నోరు అంది! ఇన్నాళ్లుగా ఎవరు సున్నా అన్నా ఆ గదిలో ఆ మాటే కదా మోగేది, తుమ్మితే చిరంజీవ అన్నట్టు అలవాటైపోయింది. టేబులు కింద బావ నా కాలు మీద ఒక్క తన్ను తన్నాడు. కప్పులో టీ తొణికింది.

"అంటే అక్కా?"

"ఏం లేదు. ఏం లేదు, ఊరికే అన్నా. పంపించెయ్."

"కాదు, ఆగక్కా." ఆ పిల్ల పెన్ను మూత కొరుక్కుంటోంది. "ఎక్కడ వెతకలేదు... నేను వంటింట్లోనే వెతికాను. పొంగేది పాలు ఒకటేనా? సబ్బు నీళ్లు పొంగుతాయి. మా అన్నయ్య బట్టలకి రంగులద్దే చోట చేస్తాడు, అక్కడ తొట్టెలు పొంగుతాయని తిట్టుకుంటాడు..."

అక్కడితో నేను ఆగిపోయి ఉండొచ్చు. మొదటి మాట నోరు జారి అన్నదే. రెండోది కాదు, రెండోది నేనే అన్నాను. ఆ పిల్ల ముఖం చూస్తుంటే పడవలు తట్టిన రోజు నా ముఖం నాకు కనిపించింది. నాకు సగమే చెప్పి వదిలేసి ఉంటే?

"వస్తువు పేరు పట్టుకోకు. దాని బాధ పట్టుకో. నురగ బాధ ఇంకెవరెవరికి ఉందో ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లు," అన్నాను.

బావ లేచి, తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు తుమ్ములమ్మాయి తొట్టె మూత పట్టేసింది. జిగురు ఫ్యాక్టరీదే. తుమ్ము కూడా లేకుండా మాట్లాడింది, పిల్లిని ఎత్తి స్క్రీన్ ముందు ఆడించింది. "అక్కా, నువ్వు లేకపోతే..." అంటోంది, నేను వినలేకపోయాను. పరీక్ష నెగ్గారు.

మేనేజరు గారు కేకు తెప్పించారు. "పని పోయినందుకు పండగ చేసుకునే ఆఫీసు మనదొక్కటే," అని బావ నా వైపు చూడకుండా అన్నాడు. అప్పటికి ఆయన నాతో మాట్లాడటం మానేశాడు, తన కప్పు కూడా నా టేబులు మీంచి తీసేశాడు. అక్క కేకు కోస్తోంది. ఇక ఉండబట్టలేక బావ బయటపెట్టేశాడు.

"మీ కోసమే కదక్కా మేమంతా ఒక మాట అనుకున్నాం! ఆ ప్రశ్న నేర్పొద్దని ఒట్టేసుకున్నాం. ఇదుగో, ఈ మహాతల్లి, ఒట్టేసిన నోటితోనే అడిగేసింది. కొంప ముంచింది!"

అక్క కత్తి చేత్తో అలాగే పట్టుకుని నా వైపు తిరిగింది. "ఏమని అడిగావే?"

"అలవాటులో వచ్చేసిందక్కా. సున్నా అనగానే..."

అంతే, అక్క నవ్వడం మొదలుపెట్టింది. మామూలు నవ్వు కాదు, కత్తి పక్కన పెట్టి, టేబులు పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ. మేనేజరు గారు మంచినీళ్లు తెచ్చారు.

"ఆ ప్రశ్న నాదనుకుంటున్నారా మీరు?" అంది చివరికి. "ఈ పని మనకి రాకముందు ఇంకో దేశంలో ఒకావిడ చేసేది. నాకు నేర్పింది ఆవిడే, ఇలాగే స్క్రీన్‌లో. పేరు నా నోరు తిరిగేది కాదు, ఎప్పుడూ అదే ఊదారంగు స్వెటర్ వేసుకునేది, స్వెటరావిడ అనుకునేదాన్ని. నేను సున్నా తెస్తే ఎక్కడ వెతకలేదని అడిగేది. ఎంత తిట్టుకున్నానో! ఆఖరి రోజు ఆవిడ వెనకాల గోడమీద బొమ్మలన్నీ తీసేసి ఉన్నాయి. ఇల్లు మారుతున్నారా అని అడిగాను. ఇల్లు కాదమ్మా, కుర్చీ, అంది నవ్వుతూ. ఆ కుర్చీ నాకిచ్చి వెళ్లిపోతోందని చాలా రోజుల దాకా నాకు తట్టలేదు. తట్టాక వెతికాను. ఎంత వెతికినా దొరకలేదు ఆవిడ. థాంక్స్ చెప్పాల్సిన మనిషి దొరకలేదే, మరేం చెయ్యను, మీకు నేర్పాను."

బావ గొంతు సవరించుకుని, "అక్కా, ఒకవేళ ఆవిడకి కూడా ఈ పిల్లకి లాగే నోరు జారిందేమో?" అన్నాడు.

"ఏమో రా! ఇప్పుడు నాకూ అదే అనుమానం!"

అందరం నవ్వాం. నవ్వుతుండగానే అక్క చెయ్యి తలమీదికి వెళ్లి, ఎవరూ చెప్పకుండానే, ఏమీ వెతుక్కోకుండానే కళ్లజోడు దించి పెట్టుకుంది. అది చూసి నాకు నవ్వు ఆగిపోయింది. ఆవిడ కళ్లు దాచుకోవడానికే పెట్టుకుందని తెలుస్తూనే ఉంది.

"ఒక మాట విను," అంది నా చెయ్యి పట్టుకుని. "నువ్వు ఊరుకుని ఉంటే నా కుర్చీ ఉండేది, నిజమే. రేపొద్దున్న నువ్వు సున్నా పట్టుకొస్తే ఎక్కడ వెతకలేదని ఏ ముఖం పెట్టుకుని అడుగుదును ఆ కుర్చీలో కూర్చుని?"

బావ తన కప్పు తెచ్చి మళ్లీ నా టేబులు మీద పెట్టాడు. కేకులో పెద్ద ముక్క మాత్రం ఆయనే తిన్నాడు.

అక్క వెళ్లిపోయింది. మేం పై అంతస్తుకి మారాం. ఇప్పుడు నేను ఒప్పందాలు చదువుతాను. ఒకాయన ఇంకొకాయనకి గోదాము అద్దెకి ఇస్తే, అందులో నీళ్లు కారితే ఎవరు బాగు చేయించాలి, ఇలాంటివి. మంచి కుర్చీ, నడుము పట్టదు. ఉద్యోగం ఖాయం చేసి కాగితం ఇచ్చారు. పిన్ని ఇప్పుడు నా పనిని అందరికీ గర్వంగా చెబుతోంది, ఒప్పందాలంటే ఆవిడకి అర్థమవుతుంది మరి. డ్రమ్ము చప్పుడు ఇంత పైకి వినపడదు. తుమ్ములమ్మాయి మెసేజ్ పెడుతూ ఉంటుంది. "అక్కా, ఇవాళ ఒక దువ్వెన వచ్చింది. గుర్రాల దగ్గర దొరికింది!" చదివి నేను కుర్చీలో అటూ ఇటూ కదులుతాను. అసూయ కాదు. సరే, కొంచెం అసూయే.

పోయిన ఆదివారం అక్క ఇంటికి వెళ్లాను. వీధి చివర సైకిళ్లు బాగుచేసే కొట్టు, పక్క సందులో రెండో ఇల్లు. ముందు గది ఖాళీ చేసేసింది. సోఫా లేదు, టీవీ లేదు. గోడకి ఒక పొడుగాటి బల్ల, రెండు కంప్యూటర్లు, ఆవిడ ముందు ఒక చంకకర్ర. ఎదురుగా ఎవరో నడివయసాయన వర్షంలో జారకుండా ఆ కర్ర కింద తను చేసిన రబ్బరు పట్టీ గురించి చెబుతున్నాడు. పెద్ద లాయర్ల దగ్గరికి వెళ్లలేని, మన చుట్టుపక్కల మనుషులు కనిపెట్టినవి వెతికి పెడుతోందట ఆవిడ. ఆయనకి తను ఎవరితో మాట్లాడుతున్నాడో తెలుసు. ఆవిడకి తన పని ఎవరికో తెలుసు. ఆ గదిలో నిలబడి అది చూస్తే నాకు ఎలా ఉందో చెప్పలేను.

ఆయన వెళ్లాక అక్కవాళ్లాయన టీ పట్టుకొచ్చారు. నేను రెండో కంప్యూటరు ముందున్న కుర్చీ లాక్కోబోతే ఆయన నవ్వారు.

"కూర్చో తల్లీ, నువ్వు కూర్చోవచ్చేమో. నన్ను మాత్రం కూర్చోనివ్వదు. ఆరిన బట్టలు పెడితే కూడా అరుస్తుంది. అదెవరికో రిజర్వేషన్ అయిందట!"

"మీరు ఊరుకుంటారా?" అంది అక్క. నాతో ఏమీ అనలేదు. రమ్మని అడగలేదు, అడగదు కూడా. తలమీద కళ్లజోడు పెట్టుకుని కళ్లజోడు కోసం వెతకడం మొదలుపెట్టింది.

నేను ఆ కుర్చీలో కూర్చోలేదు. నిలబడే టీ తాగాను.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. చెప్పి, "ఏం చెయ్యమంటావ్?" అన్నాను.

"నన్నడక్కు. వద్దంటే నా వల్ల ఆగానంటావు, సరే అంటే నా వల్ల వెళ్లానంటావు. నీ బుర్రతో తేల్చుకో," అని టీవీ పెట్టుకుంది. కాసేపటికి టీవీ చూస్తూనే, "ఆవిడ మంచిదే పాపం," అంది. అది సరే అన్నట్టా, వద్దన్నట్టా?

బావని అడిగితే, "వెళ్లు, నడుము పట్టని కుర్చీ నాకు వదిలెయ్" అన్నాడు. ఆయన్ని అడగడం నాదే తప్పు.

ఇక్కడ నాకు ఖాయమైన ఉద్యోగం, జీతం, మెత్తటి కుర్చీ ఉన్నాయి. అక్కడ ఏ నెల ఎవరొస్తారో తెలియని ఒక ముందు గది, ఆరిన బట్టలు కూడా పెట్టనివ్వని ఒక కుర్చీ, దాని పక్కన నాకు ఈ బుర్ర ఇచ్చిన మనిషి. థాంక్స్ చెప్పాల్సిన మనిషి అక్కకి దొరకలేదు. నాకు రెండు బస్సుల దూరంలో దొరికింది. అయితే థాంక్స్ అంటే వెళ్లి ఆ కుర్చీలో కూర్చోవడమేనా, లేక ఆవిడ నేర్పింది నాలాగే ఇంకో నలుగురికి నేర్పుకుంటూ ఉన్నచోటే ఉండడమా? రాత్రి పగలు ఇదే. నేను ఎక్కడ వెతకలేదో నాకే తెలియట్లేదు.

మీరు చివరిదాకా విన్నారు కాబట్టి అడుగుతున్నాను. నిజం చెప్పండి, నా స్థానంలో మీరుంటే ఏం చేస్తారు?